డబ్బా అడిగే పేర్లు

జూన్ 4, బుధవారం

ఫోటోల అకౌంట్ తెరుచుకుంది. తెరిచింది మౌనిక. నా పాత సిమ్ ఎక్కడి నుంచో వెతికి తీసి, రీఛార్జ్ చేయించి, దానికి వచ్చిన నంబర్ కొట్టి... ఇన్ని రోజులూ నా ఫోటోలన్నీ కంపెనీ వాడి దగ్గర, తలుపు అవతల. తలుపు వేసింది వాడు కాదు. పాస్‌వర్డ్ మర్చిపోయింది నేను.

"అందరూ మర్చిపోతారమ్మా" అంటుంది నా కూతురు.

మర్చిపోవచ్చు. కానీ అందరి అమ్మలూ చివరి ఏడాది సొంత కూతురి చెయ్యి పట్టుకుని "ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు?" అని మర్యాదగా అడగలేదు. మా అమ్మ అడిగింది. నాకు భయంగా ఉంది.

జూన్ 8, ఆదివారం

సొంతంగా పెట్టుకుంటాను. ఇంట్లోనే, టీవీ కింద ఒక డబ్బా. ఫోటోలు, వీడియోలు అన్నీ అందులో. ఎక్కడున్నా ఫోన్‌లోంచి చూసుకోవచ్చట. మధ్యలో ఏ కంపెనీ ఉండదు.

ఆయన నవ్వారు. "లాకర్ వదిలేసి పోపులపెట్టెలో దాచుకుంటానన్నట్టుంది." మీకు పోపులపెట్టె విలువ ఏం తెలుసు అన్నాను.

అసలు కారణం చెప్పలేదు. ఇవన్నీ ఒకచోట సర్దడం ఇంకా నాకు చేతనవుతున్నప్పుడే చేసేయాలి.

జూన్ 12, గురువారం

ఆఫీసు నుంచి నేరుగా అమీర్‌పేట. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుకు మెట్లు, పైన నరేష్ షాపు. పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్ముతాడు, మా ఆఫీసుకూ అతనే ఇచ్చాడు. చిన్న డబ్బా చూపించాడు. లోపల రెండు హార్డ్‌డిస్కులు. ఒకదాంట్లో ఏముంటే రెండోదాంట్లోనూ అదే. ఒకటి పాడైనా ఫికర్ లేదట.

"తాళం పెట్టాల్నా మేడం? ఎవడన్న ఎత్తుకపోయినా లోపల ఏమున్నదో కనవడదు. గని పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం ఖతం. నేనొచ్చినా తెరువలేను."

"పెట్టు" అన్నాను.

ఎందుకన్నాను? మొండితనం. మర్చిపోతానేమోనని హడలిపోతున్న మనిషి కోరి కోరి ఆ తాళమే వేయించుకుంది. అది గుర్తున్నంత కాలం నేను బాగున్నట్టే... అలా అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది.

జూన్ 15, ఆదివారం

నరేష్ వచ్చి బిగించాడు. ఆయన పూజగదిలోంచి కుంకుమ తెచ్చి డబ్బాకు బొట్టు పెట్టబోతే "సార్ సార్, గా రంధ్రాలల్ల పడొద్దు, జర పక్కకు పెట్టుండ్రి" అని నరేష్ గాభరా. పక్కకే పెట్టారు.

"కరెంటు పోయినా మీ ఇన్వర్టర్ మీద నడుస్తది. మొత్తం బంద్ చేసి మళ్ల పెడితేనే పాస్‌వర్డ్ అడుగుతది" అని చెప్పి, నన్ను కొట్టమని తను గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నేను పెట్టింది అమ్మ పిలుపు. నన్ను పిలవాలంటే అమ్మ నోటికి నా పేరు ఒక పట్టాన వచ్చేది కాదు. నా తోబుట్టువులు రమణ, పద్మ, బాబీ, మా గేదె గౌరి, పిన్ని పిల్లలు నలుగురు... అందరినీ దాటుకుని చివరికి విజయ దగ్గర ఆగేది. గేదెకంటే వెనకబడ్డానని చిన్నప్పుడు అలిగేదాన్ని. అమ్మ ఏ పేరు తర్వాత ఏది అనేదో ఇక్కడ కూడా రాయను. అదే కదా తాళం.

జూన్ 24, మంగళవారం

పొద్దున్నే డికాషన్ దిగేలోపు పేర్లన్నీ వరసగా ఒకసారి. పెదవులు కదలకుండా. వచ్చాయి. ఇక రోజంతా ధైర్యం.

జూన్ 29, ఆదివారం

ఫోటోలన్నీ డబ్బాలోకి చేరాయి. అమ్మ చివరి ఏడాది వీడియోలతో సహా. వాటిలో ఒకటి మళ్లీ చూశాను. అమ్మ వరండాలో మంచం మీద కూర్చుని లోపలి గదివైపు కేకేస్తోంది, మా అందరి పేర్లూ వరసగా, చివర "విజయా, మంచినీళ్లు!" నేను ఎదురుగానే ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పటికే నేనెవరో తెలియదు. పిలిచింది లోపల ఉందనుకున్న ఇంకో విజయని.

నరేష్ ఫోన్ చేసి "బయట ఇంకో కాపీ సుత పెట్టుండ్రి మేడం" అన్నాడు. సరే సరే అన్నాను. తర్వాత కంపెనీ అకౌంట్‌లోవి, ఫోన్‌లోవి, ఆ ట్రాష్‌తో సహా అన్నీ తుడిచేశాను. నావి నా ఇంటికి వచ్చేశాక వాడి దగ్గర ఎందుకు? పీడా వదిలింది.

జూలై 10, గురువారం

అమీర్‌పేటలో చిన్న పని, తర్వాత మెట్రో ఎక్కాను. ఇల్లు పంజాగుట్ట, పక్క స్టేషనే. దిగి చూస్తే బేగంపేట. వేరే లైన్ ఎక్కేశాను. ఆ జనంలో అది ఎవరికైనా జరిగేదే.

జరగకూడనిది తర్వాత జరిగింది. బోర్డు మీద స్టేషన్ల పేర్లన్నీ చదువుతున్నాను, మా ఇల్లు వాటిలో ఎక్కడో తట్టలేదు. కాసేపే. ఒకావిడ "ఎక్కడికి పోవాలె అక్కా?" అంది. ఆవిడకు ఏం చెప్పాలి? నవ్వి, ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించాను. తర్వాత గుర్తొచ్చింది. ఇంట్లో చెప్పలేదు.

జూలై 13, ఆదివారం

కళ్లజోడు ఫ్రిజ్‌లో దొరికింది. "నిన్నింక ఎర్రగడ్డలో చేర్పించాలి" అని ఆయన పకపకా నవ్వారు. పిచ్చాసుపత్రి అక్కడే కదా, ఈ ఊళ్లో అందరూ అనే మాటే, నేనూ చాలామందిని అన్నాను. నేనూ నవ్వాను. తర్వాత బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను.

జూలై 22, మంగళవారం

పేర్లు వచ్చాయి.

ఆగస్టు 6, బుధవారం

పద్మక్క కొడుకు పెళ్లి హడావిడి. చీరలకు ఫాల్స్, ఆఫీసులో సెలవు. పొద్దుటి పేర్లు చెప్పుకుని చాలా రోజులైంది. ఎక్కడికి పోతాయిలే.

ఆగస్టు 14, గురువారం

పెళ్లికి తెనాలి బయల్దేరాం. ఊరెళ్లేటప్పుడు ఆయనదో తంతు. గ్యాస్ కట్టేయాలి, కుళాయిలు తిప్పి చూడాలి, మెయిన్ ఆపాలి, ఇన్వర్టర్ ఆపాలి, తాళం వేసి పట్టుకుని వేలాడాలి. మెట్ల మీద నిలబడి తొందరపెట్టింది నేనే. డబ్బా సంగతి నాకు తట్టనేలేదు.

ఆగస్టు 18, సోమవారం

వచ్చాం. ఆయన మెయిన్ వేశారు. డబ్బా పాస్‌వర్డ్ అడిగింది.

కొట్టాను. తప్పంది.

మళ్లీ... తప్పంది.

ప్రయాణం అలసట అనుకున్నాను. రేపు చూద్దాం.

ఆగస్టు 19, మంగళవారం

పేర్లన్నీ తెలుసు. అందరి ముఖాలూ తెలుసు, గేదె కొమ్ము వంకర కూడా. వరసే పోయింది. పద్మక్క తర్వాత బాబీయా, గౌరియా? ఎటు తిప్పి చెప్పుకున్నా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. డబ్బా మాత్రం తప్పంటుంది. ఏవి కొట్టానో, ఏవి కొట్టలేదో... అది కూడా కలిసిపోతోంది.

అమ్మ ఆ వీడియోలో అన్నీ వరసగా చెబుతుంది. ఆ వీడియో డబ్బాలో ఉంది.

ఆగస్టు 20, బుధవారం

రమణన్నయ్యకు ఫోన్. ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, అమ్మ మనల్ని ఏ వరసలో పిలిచేదని.

"నన్ను పిలవాలంటే ముందు నువ్వు, తర్వాత బాబీ, ఆ తర్వాత గేదె... చివర్లో నేను. నిన్ను పిలిచేటప్పుడు ఏమనేదో నాకేం తెలుసే? నీకు గుర్తు లేదూ?"

మామూలుగానే అడిగాడు. నీకు గుర్తు లేదూ. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చెవిలోంచి పోలేదు. వాడి వరస వాడిది. నా వరస తెలిసిన మనుషులు ఇద్దరే, అమ్మా నేనూ.

ఆగస్టు 22, శుక్రవారం

"డబ్బా తెరుచుకోవట్లేదేంటి?" అన్నారు ఆయన. నరేష్ వస్తాడని అబద్ధం చెప్పాను. నరేష్ వచ్చి ఏం చేస్తాడు?

ఆగస్టు 24, ఆదివారం

హఠాత్తుగా వాన. డాబా మీద బట్టలు. చేతులకు శనగపిండి. గట్టిగా కేకేశాను.

మౌనిక నవ్వుకుంటూ వచ్చింది. "ఏంటమ్మా, మామయ్యలనీ పెద్దమ్మనీ నిన్నూ అందర్నీ పిలిచేశావ్! గేదెని కూడా! అచ్చం అమ్మమ్మే."

"ఏ వరసలో పిలిచాను?"

"ఏమో... ఎవరు వింటారు? చివర్లో నేనున్నానుగా, వచ్చేశా."

డాబా మీదికి పరుగెత్తింది. నేను పిండి చేతులతో అక్కడే నిలబడిపోయాను. నోటికి తెలుసు. అమ్మ వరస నా నోట్లో ఉంది, నాకే అందడం లేదు. వెంటనే మళ్లీ పిలిచి చూశాను. మూడో పేరు దగ్గర ఆగిపోయింది.

ఇంకో భయం కూడా పట్టుకుంది. నేనెప్పుడూ ఇలా పిలవలేదు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు, దాన్ని పిలవడానికి ఇంతమంది ఎందుకొచ్చారు? అమ్మకు ఆ అలవాటు మా చిన్నప్పటి నుంచీ ఉంది, జబ్బు మాత్రం ముసలితనంలో వచ్చింది. అది వేరు, ఇది వేరు అని సర్దిచెప్పుకుంటున్నాను. నాకైతే రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆగస్టు 26, మంగళవారం

మౌనికకు చెప్పేశాను. తాళం, బేగంపేట, కంపెనీ దగ్గర తుడిచేయడం, అన్నీ. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, చాలాసేపు. నేను అమ్మ చెయ్యి అలాగే పట్టుకునేదాన్ని.

సోమవారం డాక్టర్ దగ్గరికి. అపాయింట్‌మెంట్ తనే తీసుకుంది. ఆయనకు కూడా తనే చెప్పింది. ఆయన ఇవాళ ఒక్క జోకూ వేయలేదు. అది మరీ భయంగా ఉంది.

ఆగస్టు 29, శుక్రవారం

కావాలని పిలిస్తే రావడం లేదు. రోజుకో వరస వస్తోంది, ఏదీ తెరవడం లేదు. ఉపాయం మౌనికదే. "కంగారులో కదమ్మా వచ్చింది? నీకు కంగారు రావాలి. నేను గదిలో రికార్డింగ్ పెట్టుకుని ఉంటా." నాకు కంగారంటే పాలు. పొంగితే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తానని ఇద్దరూ నన్ను ఎప్పుడూ ఏడిపిస్తారు.

ఆగస్టు 31, ఆదివారం

పాలు పెట్టాను. పెద్ద మంట. స్టవ్‌కు వీపు పెట్టి, వంటింటి గట్టు మీద ఇది రాస్తున్నాను. రాస్తూ ఉంటే పాల సంగతి మర్చిపోవాలి. మర్చిపోతేనే పొంగుతాయి, పొంగితేనే కంగారు.

గదిలో మౌనిక ఫోన్ పట్టుకుని కూర్చుంది. చప్పుడు లేదు. హాల్లో ఆయన పేపర్ తిప్పడం మానేశారు.

రేపు డాక్టర్. ఏవో మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంటారట. అమ్మనూ అలాగే అడిగారు. అమ్మ డాక్టర్ వైపు చూసి నవ్వింది, పక్కనున్న నా వైపు చూసి "మీరు చెప్పండి" అంది.

గిన్నె అంచు దగ్గర సన్నగా చప్పుడు. వెనక్కి తిరగకూడదు. వేరే ఏదైనా రాయాలి. చీర. వాన. పద్మక్క కోడలి జడ. ఊహూఁ... పాలే. అన్నీ మర్చిపోతున్నాను కదా, ఈ ఒక్కటీ ఎంతకీ మర్చిపోలేకపోతున్నాను.