మూఢం వెళ్లేదాకా

జనవరి 20, మంగళవారం

చిల్లకల్లు పొలంలో నాలుగు మూలలా కొత్త హద్దురాళ్లు. వేసిన సున్నం ఇంకా ఆరలేదట. మొక్కజొన్నకు నీళ్లు పెట్టడానికి వెళ్లి ఈయన చూసి వచ్చారు. పాతింది మేం కాదు. మరి ఎవరు? పొలం మాకు అమ్మిన కోటేశ్వరరావుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏదో పెళ్లిలో ఉన్నాడేమో అంటారు ఈయన. మూఢంలో పెళ్లిళ్లెక్కడివి?

జనవరి 21

ఎత్తలేదు.

జనవరి 22

కార్తీకం చివర్లో అగ్రిమెంటు రాసుకున్నాం, ఈయన పేరు మీద. డబ్బు చాలావరకు ఇచ్చేశాం, పొలం అప్పగించాడు, పైరు వేశాం. రిజిస్ట్రేషన్ కూడా వెంటనే చేయించుకుందామంటే కోటేశ్వరరావే ఆపాడు. "మూఢం వచ్చేస్తోంది చెల్లెమ్మా. శివరాత్రి పోయాక మంచిరోజు చూసి రాసిస్తా. నా చేత్తో ఇచ్చిన భూమి మీకు కలిసిరావాలి గదా." ఎంత పద్ధతి గల మనిషి అని అత్తయ్య మురిసిపోయారు. నిజం చెప్పాలంటే, నాకూ నచ్చింది ఆ మాట.

జనవరి 23

ఈయన జగ్గయ్యపేట రిజిస్ట్రారు ఆఫీసులో ఆ పొలం మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయించారు. మా పొలం కోటేశ్వరరావు బావమరిది పేరున ఉంది. డిసెంబరులో రిజిస్ట్రేషన్ చేశాడు — నిండు మూఢంలో! మూఢం మా ఒక్కరికేనా? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. అత్తయ్య పొద్దుటి నుంచీ మెతుకు ముట్టలేదు.

జనవరి 27

బడికి సెలవు పెట్టి నందిగామ. వకీలు గారు అంతా విన్నారు. ముందు అగ్రిమెంటు మాదే అయినా, ఆ బావమరిది 'నాకేమీ తెలియదు, డబ్బిచ్చి కొన్నాను' అని నిరూపించుకుంటే భూమి అతనికే మిగలొచ్చట. కానీ మేం పొలంలో ఉన్నాం — బోరు మీద మోటారు మాది, పైరు మాది. అది కళ్లెదుట కనిపిస్తుంటే తెలియదనడం కష్టం. "ఆ పైరే మీకు పెద్ద సాక్ష్యం. ఏమైనా సరే, పొలం వదలొద్దండి," అన్నారు. వకాల్తా మీద ఈయన సంతకం చేశారు. కేసు వేస్తున్నాం.

ఫిబ్రవరి 2

కోర్టు ఒక అడ్వకేటును కమిషనరుగా వేసింది. తొమ్మిదో తారీఖు సోమవారం ఆయన పొలానికి వచ్చి, ఎవరి అధీనంలో ఉందో, ఏ పైరుందో చూసి రాసుకుపోతారు. అప్పటిదాకా ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలని ఆర్డరు. కాస్త ఊపిరి వచ్చింది.

ఫిబ్రవరి 3

కోటేశ్వరరావు బడికి వచ్చాడు. స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి మరీ నిలబడ్డాడు. అత్తయ్య మోకాళ్లెలా ఉన్నాయని అడిగాడు. కేసు మాట ఎత్తనేలేదు. వెళ్లబోతూ మాత్రం, "బావ ఒక్కడే బండి మీద పొలం పోతున్నాడంట గదా. ఆ హైవే మీద సిమెంటు లారీలోళ్లు ముందూ వెనకా చూడరు. జాగ్రత్తని చెప్పు చెల్లెమ్మా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాతి పీరియడ్‌లో ఏం చెప్పానో గుర్తులేదు.

ఫిబ్రవరి 5

బోరు దగ్గర స్టార్టరు పెట్టె పగలగొట్టారు. వైర్లు కోసేశారు. మోటారు వైండింగ్ చేసేవాడి దగ్గరా ఈ వేషాలు, అని ఈయన గంటలో బాగుచేసి వచ్చారు.

ఫిబ్రవరి 6

పొలం వెళ్లొద్దన్నాను. వినలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

పొద్దున్నే పొలం నుంచి ఈయన ఫోన్. పైరు లేదు. ఎకరం మొత్తం ట్రాక్టరు రోటవేటర్‌తో దున్నేశారు. మోటారు లేదు. ఎప్పుడూ ఎవరూ సేద్యం చేయనట్టు చదునుగా ఉందట.

రేపే కమిషనరు.

వకీలు గారు ఫొటోలు తీయమన్నారు, స్టేషన్‌లో కంప్లయింట్ ఇవ్వమన్నారు. ఇచ్చి వచ్చేయండి, అన్నాను. "పైరు పోతే పోయింది, నేనున్నాగా. మంచం వేసుకుని ఇక్కడే కూర్చుంటా. రేపు కమిషనరొచ్చి నన్నే చూసుకుంటాడు," అన్నారు. కోపం, ఏడుపు రెండూ వచ్చాయి.

సాయంత్రం —

అన్నం తిన్నారో లేదోనని ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తారు. ఈయన కాదు... కోటేశ్వరరావు.

"బావ మా దగ్గరే ఉన్నాడు చెల్లెమ్మా. కేసు వద్దని ఒక్క సంతకం పెట్టమంటున్నాం, అంతే. పెట్టగానే మేమే తీసుకొచ్చి ఇంటి దగ్గర దింపుతాం."

ఫోన్ ఈయనకు ఇవ్వమన్నాను. ఇస్తాలే, అన్నాడు. ఇవ్వలేదు.

స్టేషన్‌కు బయల్దేరుతున్నాం. అత్తయ్య చీర మార్చుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆటో ఇంకా రాలేదు. చేతులు ఊరుకోక ఇది రాస్తున్నాను. సంతకం పెడితే పొలం పోతుంది. పోనీ... పెట్టేస్తే చాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను. ఈయన పెట్టరు. ఈ మనిషి సంగతి నాకు తెలుసు.

ఫోన్ మోగుతోంది. ఈయన నంబరే.