కడిగేసిన చేతులు

ఆదివారం, మధ్యాహ్నం

చెల్లికి అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను ఉన్నాను, అంతవరకే చెప్పగలను. నువ్వు, మరిది, పిల్లలు చల్లగా ఉన్నారని పక్కింటి టైలరమ్మ ఫోన్‌లో చూశాను. నా రాత వంకరటింకరగా ఉంటుంది, కూడబలుక్కుని చదువుకో.

మన అద్దకం కార్ఖానా వీధి చరిత్ర అని ఫోన్‌లో పేజీ పెట్టారటగా. ఎవరైనా పాత ఫోటోలు పెట్టి, అందులో ఉన్నది ఎవరో చెప్పవచ్చట. కార్ఖానా తగలబడిన రోజు పేపరాయన తీసిన ఫోటో కూడా పెట్టారు. ముఖానికి తడిగుడ్డ కట్టుకుని, ముసలి కాపలాదారుణ్ణి భుజాన వేసుకుని పొగలోంచి వస్తున్న కుర్రాడు. కింద నువ్వు "మా అబ్బాయే" అని రాశావు. ఇక దండాలు, పూలు, శభాష్‌లు. నీ వాడు ఔననలేదు, కాదనీ అనలేదు.

చెల్లీ, అది నా కొడుకు. ఆ ముసలాయన్ని దింపి, మళ్లీ లోపలికి వెళ్లి, ఇక రానివాడు.

టైలరమ్మ చేత ఆ మాటే రాయించాను. పేజీ చూసుకునే మాస్టారు, "అమ్మా, మీ బాధ అర్థమైంది, కానీ ఎక్కువమంది మీ చెల్లెలి అబ్బాయి పేరే చెప్పారు, రుజువుంటే పెట్టండి" అన్నారు. టైలరమ్మ ఊరుకుంటుందా? "కన్నతల్లికి ఓట్లు తక్కువ పడ్డాయా మాస్టారూ" అని అడిగేసింది.

రుజువు ఉంది. నా వాడిది నీలిమందు తొట్టి దగ్గర పని. మోచేతుల దాకా నీలం. ఎవరైనా ఫోటో తీస్తే చేతులు వెనక్కి దాచుకునేవాడు. పేపరాయన నలుపు తెలుపు ఫోటోలో ఆ చేతులు తొడుగులు వేసుకున్నట్టు నల్లగా ఉండేవి. నీ వాడిది బట్టలు మడతపెట్టే బల్ల దగ్గర పని, వాడి చేతికి మరక అంటదు. అప్పట్లో వీధిలో అందరికీ తెలిసిన సంగతే.

కానీ పేజీలో ఉన్నది నీ మనవరాలు ఫోన్‌లో రంగులు వేయించి పెట్టిన ఫోటోనేనట. ఆ నలుపు చూసి మసి అనుకుంది కాబోలు ఆ ఫోను, చేతులు శుభ్రంగా చామనఛాయ చేసేసింది. సబ్బుతో, బూడిదతో నేను ఏళ్ల తరబడి రుద్దినా వదలని రంగు చెల్లీ అది. వాణ్ణి బయటికి తెచ్చేసరికి మంటకు ముఖం కమిలిపోతే, ఆ చేతులు చూసే వాణ్ణి గుర్తుపట్టాను. మీరు వేలితో ఒక్క నొక్కు నొక్కి కడిగేశారు.

ఆ ఫోటో పడిన పేపరు ముక్క నా దగ్గరుండేది, చెదలపాలైంది. అసలు ఫోటో నీ దగ్గరే ఉంది. అది పేజీలో పెట్టించు. పూలూ వద్దు, దండాలూ వద్దు. వాడి చేతులు వాడికి ఇచ్చెయ్యి.

నీ తోడబుట్టినది,
అక్క

తా.క. ఆ రోజు నీ వాడు ఎక్కడున్నాడో నన్ను ఒక్కసారీ అడగలేదు నువ్వు. మంట చూసి పరుగెత్తుకొచ్చి నా మంచం కింద దూరాడు. "పెద్దమ్మా, అమ్మకి చెప్పొద్దే" అని బతిమాలాడు. ఇన్నేళ్లూ చెప్పలేదు. వాణ్ణి బయటికి లాగి, మంచినీళ్లు తాగించి, తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లేకపోతే అందరు తల్లుల్లాగే కార్ఖానా గేటు దగ్గర నిలబడి ఉండేదాన్ని. నా వాణ్ణి రెండోసారి లోపలికి పోనిచ్చేదాన్ని కాదు.