పొగపిట్ట కన్ను

ఫిబ్రవరి 9

మ్యూజియం వాళ్ళు ఇవాళ డ్రాయరు తీసి చూపించారు. పొగపిట్ట ఒక్కటే ఉంది, వెల్లకిలా, కాలికి చీటీ కట్టి. ఎవరో ఎప్పుడో కాల్చి తెచ్చింది. రెక్కా తోకా కొలుచుకున్నాను, ఈకల రంగులన్నీ కలిపి చూసుకున్నాను. కళ్ళ చోట మాత్రం రెండు దూది ఉండలు. చచ్చిన కాసేపటికే కంటి రంగు పోతుంది, అందుకని తీసేసి దూది పెడతారు. చీటీ మీద బరువు కూడా రాశారు మహానుభావులు. కన్ను ఏ రంగో రాయలేదు.

మామగారు రాసిన పాత పుస్తకంలోనూ లేదు. అప్పట్లో బొమ్మలన్నీ నలుపూ తెలుపే. ఈ ప్రాంతపు పిట్టలన్నిటితో రంగుల ఎడిషన్ తేవాలని ఆయన కోరిక. అన్నీ గీశాను, ఇదొక్కటే మిగిలింది. ఈ పిట్ట ఎవరికీ కనబడక ఏళ్ళయింది, దీన్ని ప్రాణంతో చూసినవాళ్ళలో ఇప్పుడు మామగారొక్కరే ఉన్నారు. ఆయనకేమో స్ట్రోక్ వచ్చి మాట పడిపోయింది.

ఫిబ్రవరి 11, సాయంత్రం

పెయింట్ల షాపులో రంగులన్నీ వరసగా ఉండే షేడ్ కార్డు అడిగి తీసుకుని హాస్పిటల్‌కి వెళ్ళాను. ఇల్లు కడుతున్నారా మేడమ్ అన్నాడు షాపతను. పిట్ట కంటికి అంటే ఏం బాగుంటుంది, అవునన్నాను.

మామగారి ఎడమచేయి ఆడుతోంది. పొగపిట్ట కన్ను ఏ రంగు మామగారూ అని అడిగి కార్డు ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. పసుపు మీద వేలు పెట్టారు. పసుపు! నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మా ఆయన అప్పటికప్పుడే ప్రెస్‌కి ఫోన్ చేసి, ఆఖరి బొమ్మ వచ్చేస్తోందని చెప్పేశాడు.

ఫిబ్రవరి 12

బుద్ధి గడ్డి తిని ఇంకోసారి అడిగాను. ఈసారి కార్డు తలకిందులుగా పట్టుకున్నాను. ముదురు గోధుమ మీద పెట్టారు వేలు. కార్డు మడత మార్చి మళ్ళీ పెట్టాను. ఆకుపచ్చ. ఏ రంగు ఎడమ చివర ఉంటే దాని మీదే పెడుతున్నారు. నర్సు చెప్పింది, కంచంలో కూడా ఎడమవైపు ఉన్నదే తింటున్నారని, కుడివైపు ఆయనకి లేనట్టేనని.

ఒక్కో రంగే చూపించి, ఇదైతే నా చేయి నొక్కండి అన్నాను. అన్నిటికీ నొక్కారు. నీలానికీ నొక్కారు. నేను కార్డు సంచిలో పెట్టేస్తుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయనకు తెలుసు. చెప్పాననే అనుకున్నారు, చేరలేదని తెలిసిపోయింది. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 15

అత్తగారిని అడిగాను, ఎప్పుడైనా మాటల్లో చెప్పారా అని. నన్ను చూడటానికి రాకముందే దాన్ని చూసొచ్చాడమ్మా మీ మామగారు, పెళ్ళిచూపుల్లో కూడా దాని సంగతే, తోక ఇలా ఆడిస్తుంది, గొంతు ఇలా ఉంటుంది అని అంది. కన్ను సంగతి గుర్తు లేదట. ఆ మాటకొస్తే నా కళ్ళ రంగేంటో అడుగు, అదీ చెప్పలేడు అని నవ్వింది. నవ్వి, దుప్పటి సర్దే వంకతో అటు తిరిగింది.

ఫిబ్రవరి 26

మామగారు పోయారు.

మార్చి 20

ప్రెస్ వాళ్ళు ఆగరట. కన్ను తెల్లగా వదిలేద్దామన్నాను. ప్రింటింగ్ మిస్టేక్ అనుకుంటారన్నాడు మా ఆయన. మూసిన కన్ను గీస్తానన్నాను. చచ్చిన పిట్ట అనుకుంటారన్నాడు. తెలియదని కింద ఒక ముక్క రాద్దామన్నాను. నాన్న పుస్తకంలో తెలియదు అన్న మాట ఉండటానికి వీల్లేదన్నాడు. దాని చుట్టాలన్నిటికీ ఎర్ర కళ్ళే కదా, దీనికీ అదే వేసెయ్, ఎవడొచ్చి అడుగుతాడు అన్నాడు. తండ్రి పోయిన మనిషితో ఎంతసేపని వాదించను.

ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి. ఎరుపు వేశాను. దరిద్రం ఏంటంటే, చాలా బాగా వచ్చింది.

జూన్ 4

పుస్తకాలు వచ్చాయి. అత్తగారు అద్దాలు పెట్టుకుని తిరగేసింది. పొగపిట్ట దగ్గర ఆగింది. ఇంత ఎర్రగా ఉండేదా, ఇలాంటి కన్నైతే ఆయన ఒక్కసారైనా నాతో అనకుండా ఉండేవాడా అంది. మా ఆయన టీ పెడతానని లేచాడు.

అక్టోబర్ 17

ఫోన్ వచ్చింది. ఎవరో స్కూలు టీచరు. పొగపిట్టను చూశాడట, రాళ్ళ క్వారీ పక్కన, నిన్న పొద్దున. తోక అడిగాను, సరిగ్గా చెప్పాడు. అరుపు అడిగాను, అదీ సరిపోయింది. చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూనే మాట్లాడుతున్నాను. మామగారు ఉంటే ఈపాటికి రోడ్డు మీద ఉండేవారు. పిట్ట ఇంకా ఉంది, వెళ్ళి నేనే దాని కంట్లోకి చూస్తాను అనుకున్నాను.

చివరికి కన్ను అడిగాను. ఎరుపు మేడమ్, అచ్చం మీ బొమ్మలో ఉన్నట్టే, అది చూసే కదా గుర్తుపట్టింది అన్నాడు.

చాలా థాంక్సండీ అని పెట్టేశాను. ఇంకే రంగు చెప్పినా నమ్మి ఉండేదాన్ని.

నవంబర్ 2

ఇవాళ ఇంకొకావిడ. మేడ మీద వాలిందట. ఎర్రగానే ఉందట.