జాడీలో పొర

అక్కా,

నీ ఉత్తరం అంది నెలయింది. నువ్వూ ఇంట్లో వెనిగర్ పెట్టుకుంటానని, అమ్మ యాపిల్ వెనిగర్ జాడీలో తేలే పొర చిన్న ముక్క తోడుకి పంపమన్నావు. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూ గడిపేశాను.

ఆ పొర లేదక్కా. అమ్మ పోయాక జాడీ నాకే కావాలని నీతో పోట్లాడి మరీ తెచ్చుకున్నాను కదా. రెండు నెలలైనా కాలేదు, మూత తీస్తే పైన మందంగా, జిగురుగా కనిపించింది. బూజనుకుని అంతా పారబోసి, జాడీని సబ్బుతో తోమేశాను. "ఆ పొరే దాని ప్రాణం, పారెయ్యకే" అని అమ్మ చెప్పిన మాట తోమడం అయ్యాకే గుర్తొచ్చింది.

పోయినసారి నువ్వొస్తున్నావని తెలిసి, కొట్లో యాపిల్ వెనిగర్ సీసా కొని జాడీలో పోశాను. ఉల్లిపాయ ముక్కల మీద అది చల్లి పెడితే, నువ్వు కళ్లు మూసుకుని "అచ్చం అమ్మ చేతి పులుపే" అన్నావు. నిజం నోటిదాకా వచ్చింది. చెప్పలేక ఇంకాస్త వడ్డించాను.

వెళ్తూ చిన్న సీసాలో పోయించుకెళ్లావు. ఇప్పటికీ అందులోంచి చుక్క చుక్కే వాడుతున్నానని రాశావు.

అంత దాచుకోకక్కా. అయిపోతే మీ వీధి చివర కొట్లోనే దొరుకుతుంది.

నీ చెల్లెలు