టీకని వెళ్లి రానివాణ్ణి

వార్విక్ అన్నా, నేను సెల్మా మనవణ్ణి. మీ దగ్గర మూడు వారాలు వడ్రంగి పని నేర్చుకుని, టీ తాగొస్తానని వెళ్లి మళ్లీ రానివాణ్ణి. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక మెసేజ్ పెడుతున్నా.

తుఫానుకి మా పైకప్పు సగం లేచిపోయింది. డబ్బిచ్చేయమంటారా, మా మేస్త్రీతో బాగు చేయించమంటారా అని బీమావాళ్లు అడిగారు. ఆ మేస్త్రీ మీరేనని తెలిసి, డబ్బే మంచిదని అమ్మమ్మకి చెప్పాను. "ఆ పని చేసొచ్చినోడివి, నీకే తెలుస్తుందిలేరా" అంది. వాళ్లిచ్చేది రేకులకి కూడా చాలదని నాకు తెలుసు. అమ్మమ్మ మంచం మీద బకెట్ పెట్టుకుని పక్కన ముడుచుకుని పడుకుంటోంది.

నాకు టేపు మీద కొలత చదవడం రాదన్నా. ఆ రోజు వాసాలు పొట్టిగా కోసింది నేనే. అది చెప్పలేకే పారిపోయాను.

పొద్దున అమ్మమ్మ డబ్బు తీసుకుంటామన్న కాగితం మీద సంతకం పెట్టబోతుంటే అంతా చెప్పేశాను. పెన్ను పక్కన పెట్టి, "ఆయన ముఖం చూడ్డం కంటే నేను తడవడమే నయమనుకున్నావా?" అంది.

డబ్బు వద్దు, బాగు చేయించండని బీమావాళ్లకి చెప్పాం. నా మీద కోపంతో రాననకండి అన్నా. మీరొచ్చినప్పుడు తలుపు నేనే తీస్తాను.