డాలుకు మొలిచిన ముల్లు

శారదా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ గల్ఫ్ ఊళ్లో, ఘుబ్రాలోని నీ ఫ్లాట్‌లో మన తెలుగు పిల్లలకు నువ్వు పెట్టే శుక్రవారం చర్చ ఇప్పుడు మా హాల్లో నడుస్తోంది. ఈ రోజు నీకిష్టమైన జపాన్‌నే తీసుకున్నాను: అమెరికాతో దాని పొత్తు ఇంకా పెరగాలా, వద్దా అని.

"అమెరికా ఈటె, జపాన్ డాలు. వాళ్ల పొత్తంటే అంతే" అని పిల్లలకు చెప్పేదానివి. ఇప్పుడు జపాన్ దూరాన్నుంచి కొట్టే క్షిపణులు కొంటోంది. నీ డాలుకు ముల్లు మొలిచింది.

సంగతి తెలిసి మన కడప రజియా వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"పరాయి దేశంలో ఉండాం. యుద్ధాల మాటలు యాల టీచరమ్మా? చెట్ల గురించి మాట్లాడిచ్చండి."

కుదరదన్నాను. జపాన్‌కు చమురు వెళ్లేది మన ముందున్న ఈ సముద్రం మీదే. దాని కాపలా ఎవరిదో పిల్లలకెందుకు తెలియకూడదు?

రజియా వచ్చింది. పొత్తు పెరగకూడదని వాదించింది. నీ నియమం ప్రకారం సగంలో గంట కొట్టి, పక్షాలు మారమన్నాను. అందరూ మారారు. రజియా కదల్లేదు.

"తోడున్నోడు కొట్లాటకు పోతే మనమూ పోవాల్సిందేనా మేడమ్? నేను మారను."

బలవంతపెట్టలేదు. నీ నియమం ఈ రోజే తీసేశాను. ఒప్పుకోకపోతే వచ్చి నాతో వాదించు. ఎంతసేపైనా మాట్లాడు, గంట కొట్టను.