రెండో అంతస్తు దాకా

వగీహ్,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. గిన్నెలో మొలోఖియా కూర ఉంది, వేడి చేసుకుని అన్నంలో తిను. సాయంత్రం ఆరింటికి షుబ్రా మెట్రో ఎదురుగా, మందుల షాపు పక్క మెట్లెక్కు. తాగుడు మానుకునేవాళ్ల మీటింగు మూడో అంతస్తులో. రెండు వారాలూ అడ్రసు దొరకలేదన్నావుగా, నిన్న నేనే వెళ్లి చూసొచ్చాను.

అక్కడ టీ పోసే పెద్దాయనకి నీ ఆనవాళ్లు చెప్పాను. "పొడుగ్గా, బూడిదరంగు టోపీతో ఉంటాడు, అతనేనా? రెండుసార్లు రెండో అంతస్తు దాకా వచ్చి వెనక్కి తిరిగాడమ్మా. మొదటిసారి నేనైతే వీధిలోంచే పారిపోయాను" అన్నాడు.

నువ్వు నాతో అబద్ధమాడినందుకు ఒళ్లు మండింది. కానీ అన్ని మెట్లు నీ అంతట నువ్వే ఎక్కావు కదరా.

అక్క ఇరీనీ

ఇవాళ ఆ పెద్దాయన రెండో అంతస్తులోనే కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నాడు.